విద్యాసాగరుని మిగులు ధనం

మనిషి సంపాదించే ధనంలో ఒక భాగం కూటికి, గుడ్డకు, నీడకు ఖర్చవుతుంది. అది తప్పనిసరి వ్యయం. ఆ వ్యయం పోను చేతిలో నిలిచేది మిగులు ధనం. తప్పనిసరి వ్యయం విషయంలో మనుషులందరూ ఇంచుమించు ఒకే దారిన నడుస్తారు. ఆకలిదప్పులు అందరికీ ఒకటే కదా! మిగులు ధనం దగ్గరకు వచ్చేసరికి ఎవరి దారి వారిది. దానం, భోగం, నాశం అని ధనానికి మూడు గతులున్నాయని మన పూర్వులు చెప్పారు. ఆ మూడు దారులూ చీలేది ఈ మిగులు దగ్గరే. అందువల్ల ఒక వ్యక్తి ఎంత సంపాదించాడో తెలుసుకొన్నంత మాత్రాన అతని స్వభావం మనకు బోధపడదు. ఎంతతో తన అవసరాలు తీరాయని అతడు భావించాడు, మిగిలినదాన్ని ఏ దారిన నడిపించాడు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలియాలి. పందొమ్మిదో శతాబ్దపు వంగదేశంలో ఈ రెండు ప్రశ్నలకూ తన జీవితమంతా సమాధానంగా నిలిచినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు.

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26న వీరసింహ అనే గ్రామంలో జన్మించాడు. అది నేటి పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉంది. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయ, తల్లి భగవతీదేవి. వారిది పండిత వంశమే గాని కలిమి లేని కుటుంబం. ఈశ్వరచంద్రుని తాత ఇల్లు విడిచి వెళ్లినప్పుడు, నాయనమ్మ దుర్గాదేవి నూలు వడికి, ఆ నూలు అమ్మగా వచ్చిన కాసులతో పిల్లలను సాకింది. ఆ కష్టం చూడలేక పెద్ద కొడుకు ఠాకూర్‌దాస్ బాల్యం దాటీ దాటకముందే పని వెతుక్కుంటూ కలకత్తా చేరాడు.

ఆ నగరంలో ఆయన పస్తులున్న రోజులు ఎన్నో. ఒకనాడు ఆకలికి తాళలేక తన వద్ద ఉన్న ఇత్తడి పళ్లెం, చెంబు అమ్మజూపాడు. ముక్కూ మొహమూ తెలియని కుర్రవాని వద్ద పాత సామాను కొంటే చిక్కులు వస్తాయని కంచర దుకాణాల వారు నిరాకరించారు. మరొకనాడు నడివీధిలో కాళ్లు తడబడుతుండగా మరమరాలు అమ్ముకొనే ఒక నడివయసు వితంతువు దుకాణం ముందు నిలబడి మంచినీళ్లు అడిగాడు. ఆమె అతని ముఖం చూసి సంగతి గ్రహించింది. మరమరాలు పెట్టి, పొరుగు దుకాణం నుంచి పెరుగు తెప్పించి, కడుపునిండా తినిపించింది. తిండి దొరకని రోజున మళ్లీ రమ్మని చెప్పి పంపింది. ఆమెకు మాత్రం రోజు గడవగా మిగిలేది ఎంత? ఆ కొద్దిపాటి మిగులులోనే ఒక పరాయి బిడ్డ ఆకలికి చోటు దొరికింది. తండ్రి నోట విన్న ఈ ఉదంతాన్ని విద్యాసాగరుడు తరువాతి కాలంలో తన స్వీయచరిత్రలో భక్తితో రాసుకొన్నాడు. స్త్రీజాతి పట్ల తన గౌరవం ఇనుమడించడానికి ఇదొక కారణమని భావించాడు.

ఠాకూర్‌దాస్‌కు దొరికిన తొలి ఉద్యోగంలో నెలజీతం రెండు రూపాయలు. తాను ఎలాగో పొట్ట గడుపుకొంటూ ఆ రెండు రూపాయలూ తల్లికి పంపేవాడు. ఏళ్లు గడిచాక జీతం పది రూపాయలకు పెరిగింది. ఈశ్వరచంద్రుడు పెరిగిన ఇంట్లో డబ్బు లెక్క ఇలా ఉండేది. సంపాదించినవాని అవసరం కన్నా ఇంటివారి అవసరం ముందు.

1828లో ఎనిమిదేళ్ల ఈశ్వరచంద్రుడు తండ్రి వెంట కాలినడకన కలకత్తా బయలుదేరాడు. దారి పొడవునా మైలురాళ్ల మీద ఉన్న గుర్తులు చూస్తూ ఇంగ్లీషు అంకెలు నేర్చుకొన్నాడు. 1829లో సంస్కృత కళాశాలలో చేరాడు. బడాబజారులో తండ్రికి ఆశ్రయమిచ్చిన ఒక గృహస్థు ఇంట్లోనే వారి మకాం. తండ్రికీ తమ్ములకూ వండిపెట్టడం, పాత్రలు తోమడం బాలుని పనులు. ఈ పనుల నడుమనే వ్యాకరణం, కావ్యం, అలంకారం, వేదాంతం, స్మృతి, న్యాయం అభ్యసించాడు. 1839లో జరిగిన ధర్మశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణుడై విద్యాసాగర బిరుదం పొందాడు. అదే లోకంలో ఆయన పేరుగా స్థిరపడింది.

1841 డిసెంబరులో ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రధాన పండిత పదవి లభించింది. నెలజీతం యాభై రూపాయలు. తండ్రి సంపాదనకు అది ఐదు రెట్లు. పేద ఇంట పుట్టి పెద్ద జీతం అందుకొన్న యువకులు సాధారణంగా తొలుత తమ వేషం మారుస్తారు, తరువాత నివాసం మారుస్తారు. విద్యాసాగరుడు చేసిన మొదటి పని తండ్రి చేత ఉద్యోగం మాన్పించడం. పస్తులతో మొదలైన ఆ సుదీర్ఘ శ్రమకు విశ్రాంతి కల్పించి తండ్రిని స్వగ్రామానికి పంపాడు. ప్రతినెలా ఇరవై రూపాయలు వీరసింహకు పంపి, మిగిలిన ముప్ఫై రూపాయలతో కలకత్తాలో తమ్ములను, తనపై ఆధారపడిన బంధువుల పిల్లలను పోషించాడు. ఆ ఇంట్లో వంట వంతులవారీగా సాగేది. విద్యాసాగరుడు కూడా తన వంతు వచ్చినప్పుడు పొయ్యి ముందు కూర్చొనేవాడు.

1846లో ఆయన సంస్కృత కళాశాలకు సహాయ కార్యదర్శిగా వచ్చాడు. బోధనా విధానంలో తాను ప్రతిపాదించిన సంస్కరణలను పైఅధికారి అంగీకరించకపోవడంతో 1847లో ఆ పదవికి రాజీనామా చేశాడు. ఇంత కుటుంబం ఉన్నవాడు చేతిలోని జీతాన్ని వదులుకోవడం చూసి ఎందరో విస్తుపోయారు. అయితే తన అవసరాలు తక్కువగా ఉన్నవానికి తల ఎత్తుకొని నిలవడం సులభం. విద్యాసాగరుడు మిత్రుడు మదన్‌మోహన్ తర్కాలంకారునితో కలిసి సంస్కృత ముద్రణాలయం స్థాపించాడు. దానికి పెట్టుబడి ఆరువందల రూపాయల అప్పు. ఆ సొమ్ముతో ఒక ముద్రణయంత్రం కొని, భారతచంద్రుని అన్నదామంగళ కావ్యాన్ని శుద్ధ ప్రతిగా అచ్చువేశారు. ఫోర్ట్ విలియం కళాశాల ప్రతి ఒక్కింటికి ఆరు రూపాయల చొప్పున నూరు ప్రతులు కొన్నది. ఆ ఆరువందలతో అప్పు తీరిపోయింది. మిగిలిన ప్రతుల మీద వచ్చినదంతా లాభం.

ఆ తరువాత ఆయన ఆదాయం ఏటికేడు పెరిగింది. 1851లో సంస్కృత కళాశాల అధ్యక్షుడైనప్పుడు జీతం నూటయాభై రూపాయలు. 1854లో అది మూడువందలైంది. 1855లో పాఠశాలల ప్రత్యేక పర్యవేక్షణ బాధ్యత కూడా తోడై మొత్తం ఐదువందలకు చేరింది. అదే సంవత్సరం ఆయన రచించిన వర్ణపరిచయం అనే వాచకం వెలువడింది. వంగదేశంలో తరతరాల పిల్లలు ఆ పుస్తకంతోనే అక్షరాలు దిద్దారు. పాఠ్యగ్రంథాల వల్ల, ముద్రణాలయం వల్ల వచ్చే రాబడి కాలక్రమంలో జీతాన్ని మించిపోయింది.

ఇంత రాబడి వచ్చినా ఆయన తప్పనిసరి వ్యయం మాత్రం పెరగలేదు. ఒంటిమీద అదే ముతక ధోవతి, భుజాన అదే ఉత్తరీయం, కాళ్లకు అవే చెప్పులు. ఉన్నతాధికారుల ఇళ్లకు వెళ్లినా ఆ వేషం మారలేదు. కలకత్తాలో సొంత ఇల్లు కట్టుకొనేనాటికి ఆయన వయస్సు యాభై అయిదు దాటింది. అంతవరకు అద్దె ఇళ్లలోనూ మిత్రుల ఇళ్లలోనూ కాలం గడిపాడు. బాదుర్‌బాగాన్‌లో 1876లో కట్టిన ఆ ఇల్లు కూడా చాలావరకు తన గ్రంథాలయం కోసమే. ఆయనకున్న విలాసం అదొక్కటే. దేశవిదేశాల నుంచి పుస్తకాలు తెప్పించి, ఖరీదైన తోలు అట్టలు కట్టించి, అద్దాల బీరువాలలో అమర్చుకొనేవాడు. తనకోసం ధారాళంగా ఖర్చు చేసుకొన్న చోటు ఇదే.

మరి మిగులు ధనం ఏమైంది? నెల మొదట్లో ఆయన వద్దకు చేరేవారికి అంతులేదు. జీతం కట్టలేని విద్యార్థులు, దిక్కులేని వితంతువులు, వ్యాధిగ్రస్తులు, ఉద్యోగం పోయిన గృహస్థులు. వారిలో చాలామందికి నెలనెలా ఇంత అని నియతంగా ముట్టేది. ఫ్రాన్సులో భార్యాబిడ్డలతో చిక్కుకొని, అప్పులవాళ్ల చేతిలో చెరసాల పాలయ్యే స్థితిలో ఉన్న మహాకవి మైకేల్ మధుసూదన దత్తు 1864లో ఉత్తరం రాసింది విద్యాసాగరునికే. ఆయన వెంటనే పదిహేనువందల రూపాయలు పంపాడు. ఆ తరువాత తన వద్ద లేనప్పుడు తెలిసినవారి వద్ద అప్పు తెచ్చి మరీ పంపాడు. మిగులు ధనం హద్దు దాటి అప్పులోకి అడుగుపెట్టడం ఆయన జీవితంలో ఇదే మొదలు కాదు.

అంతకుముందే రెండు సందర్భాలు వచ్చాయి. 1857 నవంబరు నుంచి 1858 మే వరకు ఆయన వంగదేశపు గ్రామాలలో ముప్ఫై అయిదు బాలికా పాఠశాలలు నెలకొల్పాడు. వాటిలో దాదాపు పదమూడువందల మంది బాలికలు చేరారు. ప్రభుత్వం ఖర్చు భరిస్తుందన్న నమ్మకంతో ఉపాధ్యాయులను నియమించాడు. లిఖితపూర్వకమైన అనుమతి ముందుగా లేదన్న కారణంతో ప్రభుత్వం వెనుకాడింది. ఉపాధ్యాయుల జీతాల బాకీ మూడువేల నాలుగువందల రూపాయలు దాటింది. దానికి బాధ్యత తనదేనని విద్యాసాగరుడు ఒప్పుకొన్నాడు. ఎన్నో ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత ఆ బాకీని ప్రభుత్వం చెల్లించింది గాని పాఠశాలలకు శాశ్వత సహాయం అందించలేదు. ఈ సంగతులతో మనసు విరిగి 1858లో ఆయన ఐదువందల రూపాయల ఉద్యోగాన్ని వదిలివేశాడు. తన చేతి సొమ్ముతోనూ దాతల చందాలతోనూ ఆ పాఠశాలలలో కొన్నింటిని నిలబెట్టాడు.

రెండవది వితంతు వివాహ ఉద్యమం. ఆయన శాస్త్ర ప్రమాణాలతో గ్రంథాలు రాసి, వేలాది సంతకాలతో మహజరు సమర్పించి చేసిన కృషి ఫలితంగా 1856 జులైలో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 7న తొలి వివాహం కలకత్తాలో జరిగింది. వరుడు శ్రీశచంద్ర విద్యారత్న, వధువు కాళీమతీదేవి. చట్టం చేయడం వేరు, పెళ్లి చేయడం వేరు. పెళ్లికి నగలు, వస్త్రాలు, భోజనాలు కావాలి. కులం వెలివేసిన దంపతులకు ఆ తరువాత బతుకుతెరువు చూపాలి. చందాలిస్తామని ముందుకు వచ్చిన సంపన్నులలో చాలామంది సమయానికి ముఖం చాటేశారు. విద్యాసాగరుడు ఇచ్చిన మాట తప్పలేక ఆ భారమంతా తన నెత్తిన వేసుకొన్నాడు. 1867 నాటికి అరవై వివాహాలు జరిగాయి. వాటికైన ఖర్చు ఎనభై రెండు వేల రూపాయలు. ఐదువందల రూపాయల జీతం పదమూడేళ్లకు పైగా ఒక్క కాసు తీయకుండా కూడబెడితే గాని చేరని మొత్తమది.

ఆయన అప్పుల సంగతి బయటకు పొక్కింది. అభిమానులు ఆ అప్పు తీర్చడానికి చందాలు వసూలు చేయాలని సంకల్పించి పత్రికలో ప్రకటించారు. విద్యాసాగరుడు దాన్ని అంగీకరించలేదు. తన పేరున చేసిన అప్పు తానే తీర్చుకొంటానన్నది ఆయన పట్టుదల. 1869లో తాను ప్రాణప్రదంగా పెంచుకొన్న ముద్రణాలయంలో మూడింట రెండు వంతుల వాటాను ఎనిమిది వేల రూపాయలకు అమ్మివేశాడు. అప్పులు ఒక్కొక్కటిగా తీర్చుతూ వచ్చాడు. అప్పుల భయంతో ఉద్యమాన్ని మానలేదు. 1870లో తన ఏకైక పుత్రుడు నారాయణచంద్రుడు భవసుందరి అనే వితంతువును వివాహమాడినప్పుడు బంధువుల నిరసనను లెక్కచేయక అండగా నిలిచాడు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. మిగులులో దానం చేయడం మంచిదే, మిగులు లేకపోయినా అప్పు చేసి దానం చేయడం వివేకమా? విద్యాసాగరుని మార్గం అందరికీ అనుసరణీయమని చెప్పలేం. ఆ అప్పులు ఆయనను దశాబ్దాలపాటు వేధించాయి. ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని హరించాయి. మాట ఇచ్చి తప్పినవారిని తలచుకొని ఆయన మనుషుల మీద నమ్మకం కోల్పోయిన సందర్భాలున్నాయి. ఈ అనుభవం ఆయనకు ఒక సత్యం నేర్పింది. ఒక వ్యక్తి దయ ఎంత గొప్పదైనా దానికి ఒక ఎల్ల ఉంటుంది. ఆ వ్యక్తి జేబు ఖాళీ అయిననాడు అతనిపై ఆధారపడినవారి పళ్లెం కూడా ఖాళీ అవుతుంది.

ఆ సత్యం నుంచి పుట్టినదే 1872 జూన్‌లో ప్రారంభమైన హిందూ కుటుంబ వార్షిక భృతి నిధి. నాటి కలకత్తాలో కొద్దిపాటి జీతాలమీద బతికే గుమాస్తాలు, ఉపాధ్యాయులు వేలమంది. జీతం వచ్చినంతకాలం ఇల్లు గడిచేది. ఇంటి యజమాని కన్నుమూస్తే భార్యాబిడ్డలు మరునెల నుంచే వీధిన పడేవారు. అటువంటి గృహస్థులు బతికి ఉన్నప్పుడు తమ జీతంలో కొద్దిభాగాన్ని నెలనెలా ఈ నిధికి చెల్లించాలి. వారి మరణానంతరం వారు పేర్కొన్న కుటుంబ సభ్యులకు నిధి నుంచి నెలనెలా భృతి అందుతుంది. ఒక్కొక్కరి మిగులు కొంచెమే. పదిమంది మిగులు ఒకచోట చేరితే ఆపద వచ్చిన ఇంటికి అది ఆసరా అవుతుంది. ఇందులో యాచన లేదు, దాత ముందు తలవంచడం లేదు. తన భర్త దాచిన సొమ్మునే ఆ ఇల్లాలు హక్కుగా అందుకొంటుంది. నిర్వాహకుల పద్ధతులు నచ్చక కొన్నేళ్లకే విద్యాసాగరుడు దాని నుంచి వైదొలగినా, ఆ ఆలోచన విలువ తగ్గలేదు. జీవిత బీమా, భవిష్యనిధి, కుటుంబ పింఛను వంటి ఏర్పాట్లు నేడు మనకు సుపరిచితాలు. సామాన్య గృహస్థుని చిన్న మిగులుకు అటువంటి బలం కల్పించాలని మన దేశంలో తొలినాళ్లలోనే ఆలోచించినవారిలో ఆయన ఒకడు.

అవసరం అంటే ఏమిటో విద్యాసాగరునికి తెలిసినంతగా తెలిసినవారు అరుదు. 1866 కరవులో ఆయన వీరసింహలో అన్నసత్రం తెరిచాడు. అన్నానికి వచ్చిన పేద స్త్రీల తలలు నూనె లేక అట్టలు కట్టి ఉండడం చూశాడు. ప్రాణం నిలవడానికి అన్నం చాలునని, నూనె అదనపు ఖర్చని మరొకరైతే అనుకొనేవారు. విద్యాసాగరుడు వారందరికీ తలనూనె ఇవ్వాలని ఏర్పాటు చేశాడు. పంచేవారు నిమ్న కులాల స్త్రీలను తాకవలసి వస్తుందని దూరం నుంచి పోయడం గమనించి, తానే దగ్గరకు వెళ్లి వారి తలలకు నూనె రాశాడు. తనకు ఎంత చాలునో లెక్క వేసుకొన్నప్పుడు ఆయన ఎంతో కఠినుడు. ఇతరులకు ఎంత కావాలో లెక్క వేసినప్పుడు మాత్రం కడుపుతో పాటు గౌరవాన్ని కూడా అవసరాల పట్టీలో చేర్చాడు.

ఆయన నడిపిన మెట్రోపాలిటన్ విద్యాసంస్థ 1872లో కళాశాల స్థాయికి ఎదిగింది. భారతీయ అధ్యాపకులే తక్కువ రుసుముతో ఉన్నతవిద్య చెప్పగలరని అది నిరూపించింది. 1917 నుంచి ఆ కళాశాల విద్యాసాగరుని పేరుతోనే నడుస్తున్నది. నగర జీవితం మీద విసుగు కలిగినప్పుడు ఆయన కర్మాటాఁడ్ అనే పల్లెకు వెళ్లేవాడు. నేటి ఝార్ఖండ్‌లో ఉన్న ఆ పల్లెలో సంతాలులు నివసించేవారు. పొద్దున్నే వారు మొక్కజొన్న కంకులు తెచ్చి అమ్మేవారు. వారు అడిగిన ధర ఇచ్చి ఆయన అన్నీ కొని అరలలో పేర్పించేవాడు. కొంత పొద్దెక్కాక ఆకలిగా ఉందంటూ సంతాలులే వచ్చేవారు. ఆయన ఆ కంకులనే వారికి తినడానికి ఇచ్చేవాడు. కొన్న సరుకు అమ్మినవారి కడుపులోకే చేరేది. వ్యాపార గణితంలో ఇది పూర్తి నష్టం. విద్యాసాగరుని ఖాతాలో మాత్రం ఇది నిత్యలాభం.

1875లో ఆయన మరణశాసనం రాశాడు. ముందుగా అప్పుల వివరాలు, వాటిని తీర్చవలసిన విధానం నిర్దేశించాడు. ఆపైన తన ఆస్తి మీద వచ్చే రాబడి నుంచి ఎవరెవరికి నెలకు ఎంత ముట్టాలో పేరుపేరునా వివరించాడు. బంధువులతో పాటు ఏ చుట్టరికమూ లేని నిరుపేదలు అందులో ఉన్నారు. స్వగ్రామంలోని పాఠశాల, వైద్యశాల ఉన్నాయి. ప్రవర్తన నచ్చని కారణంగా కుమారుని మాత్రం వారసత్వం నుంచి తొలగించాడు. రక్తసంబంధం కన్నా అవసరమే ఆ పత్రంలో పెద్ద ప్రమాణమైంది. 1891 జులై 29న ఆయన కలకత్తాలో కన్నుమూశాడు.

విద్యాసాగరుని ప్రభావం వంగదేశపు ఎల్లలు దాటి గోదావరీ తీరానికి కూడా చేరింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించారు. పంతులుగారి సంకల్పానికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి ధనం తోడైంది. పంతులుగారికి దక్షిణదేశ విద్యాసాగరుడన్న పేరు వచ్చింది. ఒకరి సంకల్పం, మరొకరి మిగులు ధనం కలిసినప్పుడే సంస్కరణ కార్యరూపం దాలుస్తుందన్నది ఆ రెండు తీరాల అనుభవమూ చెప్పే పాఠం.

రెండు రూపాయల జీతగాని కుమారుడు వేల రూపాయలు ఆర్జించాడు. ఆర్జన పెరిగినకొద్దీ అవసరాలను పెంచుకొని ఉంటే ఆయన చేతిలో ఏనాడూ మిగులు కనిపించేది కాదు. పెరిగే రాబడికి, పెరగని అవసరానికి నడుమ ఏర్పడిన ఆ ఎడమే ఎందరికో నీడనిచ్చింది. దానిని దాటి అప్పు చేసినప్పుడు ఆయన కష్టపడ్డాడు. ఆ కష్టం నుంచి పదిమంది మిగులును ఒకచోట చేర్చే మార్గం కనుగొన్నాడు. కలకత్తా వీధిలో ఒక పేద వితంతువు ఆకలిగొన్న కుర్రవానికి పెట్టిన పిడికెడు మరమరాల ఋణాన్ని అతని కుమారుడు ఈ విధంగా జీవితాంతం తీరుస్తూనే వచ్చాడు.